నాంచారమ్మ అత్తయ్యగారి మిల్లింగ్ మిషను

కోతను చల్లబరిచే, పాలలా తెల్లగా ఉండే కూలెంటు వేడెక్కిన ఇనుప రజను మీద పడగానే సన్నటి ఆవిరి లేస్తుంది. సబ్బు, నూనె, కాలిన ఇనుము కలిసిన వాసన అది. నచ్చేవాళ్ళు తక్కువ. మా ఆవిడైతే నా చొక్కాలు ఇప్పటికీ విడిగా నానబెడుతుంది. నాకు మాత్రం పొద్దున్నే షెడ్డు తెరిచి, మిల్లింగ్ మిషను మీద పళ్ళచక్రానికి మొదటి పన్ను కోతకు పెట్టి, ఆ ఆవిరి ముక్కుకు తగిలిందంటే ఇరవై ఏడేళ్ళవాణ్ణి అయిపోతాను. మొన్న కూడా అలాగే అయ్యింది. కోత పూర్తయ్యేదాకా కదలకుండా నిలబడి నాంచారమ్మ గారిని తలుచుకున్నాను. గుడివాడ చుట్టుపక్కల పాత రైసుమిల్లుల వాళ్ళందరికీ ఆవిడ తెలుసు. తెలియనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

ఆవిడ మా వర్క్‌షాపు యజమాని. తొంభైల చివరి రోజుల మాట. గుడివాడలో ఒక రేకుల షెడ్డు, అందులో రెండు లేత్‌లు, ఒక షేపింగ్ మిషను, ఒక డ్రిల్లింగ్ మిషను. అవన్నీ ఆవిడ భర్త సుబ్బారావు గారు ఒక్కొక్కటిగా కూడబెట్టినవి. పనివాళ్ళందరం ఆయన్ను మావయ్యగారూ అనేవాళ్ళం కాబట్టి ఆవిడ అత్తయ్యగారయ్యారు. ఆయన ఒకరోజు మధ్యాహ్నం భోంచేసి కుర్చీలో వాలి మళ్ళీ లేవలేదు. షెడ్డు అమ్మేస్తారనే అందరం అనుకున్నాం. నేను పామర్రులో ఇంకో షెడ్డువాళ్ళతో మాట్లాడుకుని కూడా వచ్చాను. పెద్దకర్మ అయిన మర్నాడు పొద్దున్నే చూస్తే షెడ్డు తలుపులు తీసి ఉన్నాయి. ఆవిడ ఆయన కుర్చీలో కాకుండా పక్కనున్న స్టూలు మీద కూర్చుని, ఆగిపోయిన పనులేమిటని అడిగారు.

ఆవిడ లేత్ తిప్పరు. కానీ పదేళ్ళకు పైగా భర్తకు భోజనం తెచ్చి, ఆయన తినేవరకు ఆ మిషన్ల మధ్యనే కూర్చున్న మనిషి. కళ్ళకంటే చెవులతో ఎక్కువ నేర్చుకున్నారు. ఒకసారి నేను షాఫ్టు తిప్పుతుంటే దూరం నుంచి లేచి వచ్చి, పెద్ద స్క్రూడ్రైవరు చెక్కపిడిని చెవికి ఆనించుకుని, కొసను లేత్ తలకాయకు తగిలించి విన్నారు. లోపల బేరింగు పోతోందని చెప్పారు. నేను నవ్వి ఊరుకున్నాను. నాలుగో రోజున ఆ బేరింగు పోయింది. ఎలా తెలిసిందండీ అని అడిగితే, తనది నాగాయలంక దగ్గర సముద్రం మీద వేటకు వెళ్ళే కుటుంబమనీ, ఇంజను శబ్దం విని వచ్చేది ఎవరి బోటో వాళ్ళ నాన్న ఒడ్డు మీది నుంచే చెప్పేవాడనీ, చిన్నప్పుడు తనూ ఆయనతో పోటీపడేదాన్ననీ అన్నారు. సుబ్బారావు గారు బోటు ఇంజన్లు బాగుచేయడానికి దివిసీమ వెళ్ళినప్పుడే ఆవిడను చూశారట. అంతకంటే వివరంగా ఎప్పుడూ చెప్పలేదు. చెప్పేటప్పుడు మాత్రం ముఖం వేరేగా ఉండేది.

మా షెడ్డుకు ఒక పెద్ద లోటుండేది. పళ్ళచక్రాలు కోసే మిషను లేదు. కోతల రోజుల్లో రైసుమిల్లులో ఒక చక్రం పన్ను విరిగిందంటే మిల్లు మొత్తం ఆగిపోతుంది. ఇనుప దిమ్మను మేం లేత్ మీద గుండ్రంగా తిప్పి ఇస్తే, పళ్ళు కోయించడానికి బెజవాడ తీసుకెళ్ళాలి. అక్కడ వరసలో పెడితే రెండు రోజులో మూడు రోజులో పట్టేది. బంటుమిల్లి వైపు చేపల చెరువులవాళ్ళ గేరుబాక్సులదీ అదే కథ. ఎలాగూ బెజవాడ వెళ్ళాలి కదా, మొత్తం పని అక్కడే చేయించుకుందామని మిల్లుల వాళ్ళు ఒక్కొక్కరే మాకు దూరం జరుగుతున్నారు. ఇంకో రెండు కోతల కాలాలు ఇలాగే గడిస్తే షెడ్డు మూతపడుతుందని అందరికీ తెలుసు, ఎవరూ అనేవాళ్ళం కాదు. అలాంటప్పుడు పాత ఇనుము కొనే ఒకాయన వచ్చి, బందరులో హార్బరు వైపు వెళ్ళే దారిలో మూతపడిన వర్క్‌షాపులో ఒక మిల్లింగ్ మిషను అమ్మకానికి ఉందని చెప్పాడు. ఆ పూట నేను అన్నం సరిగ్గా తినలేదు. రేపే వెళ్దామండీ అన్నాను. ఆవిడ సరేనన్నారు.

మర్నాడు మొదటి బస్సుకు బయల్దేరాం. ఆ షెడ్డు ఆసామి తలుపులు తీసేసరికి లోపల కిటికీ వెలుతుర్లో కొత్త ఆకుపచ్చ రంగుతో ఆ మిషను నిలబడి ఉంది. నా ఎత్తుకు పైనే ఉంది. బరువు రెండు టన్నుల పైమాటేనన్నాడు ఆసామి. అలాంటిదాన్ని ఐటీఐలో చదువుకునేటప్పుడు దూరం నుంచి చూడటమే తప్ప ముట్టుకున్నది లేదు. టేబుల్ మీద చెయ్యి వేసి చల్లదనం తగలగానే మనసులో కొనేశాను. ఏలూరు వాళ్ళు రేపు వస్తామన్నారనీ, మీ ఇష్టమనీ ఆసామి అంటుంటే నాకు కాళ్ళు నిలవలేదు.

అత్తయ్యగారు ముందు రంగు వంక చూశారు. తర్వాత పమిట కొంగు నడుముకు దోపి, కింద కూర్చుని, మిషను అడుగు దిమ్మ చుట్టూ నాలుగు వైపులా వేలితో తడుముకుంటూ వెళ్ళారు. పగిలి అతికించిన చోటు రంగు కింద కూడా చేతికి తెలుస్తుందట. టేబుల్ హ్యాండిలు తిప్పమన్నారు. టేబుల్ కదిలేముందు హ్యాండిలు పావు చుట్టు ఊరికే తిరిగింది. మిషను పాడైందనుకున్నాను. లోపలి నట్టు అరిగిందనీ, ఇత్తడితో కొత్తది మన లేత్ మీదే చేసుకోవచ్చనీ ఆవిడ మామూలుగా అన్నారు. అప్పుడు కరెంటు పెట్టి తిప్పి చూపించమన్నారు. కరెంటు లేదు, మధ్యాహ్నం గానీ రాదన్నాడు ఆసామి. అయితే మధ్యాహ్నం దాకా ఉంటామని ఆవిడ గడప మీద కూర్చున్నారు.

నేను పక్కకు పిలిచి, ఏలూరు వాళ్ళ సంగతి గుర్తుచేశాను.

"వాళ్ళు వస్తే వస్తారు. తిరగని మిషను కొనుక్కెళ్ళి ఏం చేసుకుంటాం?" అన్నారు ఆవిడ.

కరెంటు వచ్చింది. మిషను తిరిగింది. ఆవిడ సంచిలోంచి మా షెడ్డు స్క్రూడ్రైవరే తీసి చెవికి పెట్టుకున్నారు. దాన్ని సంచిలో వేసుకొచ్చారని నాకు అప్పటిదాకా తెలియదు. కళ్ళు మూసుకుని చాలాసేపు విన్నారు. నేను ఆవిడ ముఖమే చూస్తున్నాను. కళ్ళు తెరిచి, "కడుపు చల్లగా ఉంది దీనికి" అన్నారు. అంటే లోపల బేరింగులన్నీ బాగున్నట్టే. తర్వాత ఆసామిని ఇండెక్స్ హెడ్డు ఏదని అడిగారు. చక్రం చుట్టూ ఎన్ని పళ్ళు కావాలంటే అన్నింటినీ సమానంగా పంచి తిప్పే పరికరం అది. అది లేకపోతే ఆ మిషనుతో మాకు సగం పని కూడా లేదు. అంత ఆరాటపడిన నేను దాని సంగతే మరిచిపోయాను. ఆసామి అలాంటిదేదీ లేదన్నాడు. ఆవిడ వెనకగదిలోకి వెళ్ళి, చిరిగిన వలల కింద, గోనెసంచులు కప్పి ఉన్న ఒక బరువైన దాన్ని కాలితో తట్టి నన్ను పిలిచారు. సంచి తీయగానే నేను అక్కడే చతికిలబడ్డాను. అదే. మీద కాస్త తుప్పు, లోపల గ్రీజు చెక్కుచెదరలేదు. చేతిలో ఉన్నదంతా ఆ మిషను మీద పెట్టి ఆవిడ ఆ సాయంత్రం బేరం ఖాయం చేశారు. బస్సులో గుడివాడ వచ్చేదాకా నేను మాట్లాడుతూనే ఉన్నాను, ఆవిడ కిటికీలోంచి చూస్తూ మధ్య మధ్య నవ్వుతూనే ఉన్నారు.

ఆ సంతోషంలోనే నేను చేయకూడని పని చేశాను. రెండు రోజుల తర్వాత తరలించడానికి వెళ్ళాం. ఆసామి ఒక ట్రాక్టరును, నలుగురు మనుషులను మాట్లాడి ఉంచాడు. లాగి వాకిట్లో పెడితే అక్కడి నుంచి లారీలోకి ఎక్కించవచ్చని వాళ్ళ ఆలోచన. అత్తయ్యగారు లారీ సంగతి చూడటానికి బజారుకు వెళ్ళారు, తను వచ్చేదాకా ఆగమన్నారు. ట్రాక్టరు అతనికి వేరే పని ఉందట, తొందరపడుతున్నాడు. ఆవిడ వచ్చేసరికి మిషను వాకిట్లో ఉంటే ఎంత బాగుంటుందని నాకూ అనిపించింది. నేలకు బిగించిన బోల్టులు కనిపించినవి మూడూ ఊడదీశాం. మిషను పైభాగానికి, మెడ చుట్టూ తాడు కట్టాం. నేను దారి చూపించడానికి గడపకూ మిషనుకూ మధ్య నిలబడి చెయ్యి ఊపాను.

ట్రాక్టరు లాగింది. మిషను ముందుకు జరగలేదు, నా మీదికి వంగింది. మురికీ గ్రీజూ కప్పేసిన ఒక బోల్టు మాకు కనపడలేదు, అది ముందువైపు అడుగును పట్టుకుని ఉంది. వెనక అంచు నేల నుంచి నాలుగు వేళ్ళ ఎత్తు లేచింది. ఎవరో కేక పెట్టారు. ఆ కేకకు ట్రాక్టరు అతను కంగారుపడి ఇంకా వేగం పెంచాడు. సరిగ్గా అప్పుడే అత్తయ్యగారు వాకిట్లో రిక్షా దిగారు. పరిగెత్తలేదు. ట్రాక్టరు అతని కళ్ళ ముందుకు వచ్చి రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డారు.

"ఒక్కసారిగా వదలకు బాబూ. మెల్లగా వెనక్కివ్వు. ఇంకా మెల్లగా" అన్నారు.

తాడు కొంచెం కొంచెంగా వదులైంది. మిషను నిట్టనిలువుగా తిరిగి కూర్చుంది. కాళ్ళ కింద సిమెంటు అదిరింది. ఆవిడ అందరినీ బయటకు పంపించి, ట్రాక్టరు అతన్ని మర్యాదగా సాగనంపి, నన్ను నేను నిలబడ్డ చోటికే తీసుకెళ్ళారు. తిడతారనుకున్నాను.

"అది పడితే నువ్వెటు వెళ్ళేవాడివి?" అని అడిగారు.

చుట్టూ చూశాను. ఎడమవైపు గోడ. కుడివైపు నడుమెత్తున ఇనుప తుక్కు. వెనక బిగిసిన తాడు. వెళ్ళడానికి ఎటూ లేదు. ఆవిడ టెలిఫోను బూత్‌కు వెళ్ళి నాగాయలంకలో ఒక కిరాణా కొట్టుకు ఫోను చేసి, తమ్ముణ్ణి పిలిపించమని చెప్పి వచ్చారు.

వీరాస్వామి మర్నాడు పొద్దున్నే బందరులో దిగాడు. అత్తయ్యగారి తమ్ముడు. నన్ను అల్లుడూ అని పిలిచాడు కాబట్టి నాకు మావయ్య అయ్యాడు. వెంట నలుగురు మనుషులు, లావుపాటి తాళ్ళు, బస్సు మీద వేసుకొచ్చిన సరుగుడు దుంగలు. వాళ్ళ పని పడవలను ఒడ్డుకు లాగడం, మళ్ళీ నీళ్ళలోకి దించడం. మిల్లింగ్ మిషనును జన్మలో చూడలేదు. వచ్చినవాడు వచ్చినట్టు దాని చుట్టూ మూడుసార్లు తిరిగి, బీడీ వెలిగించుకుని ఎదురుగా కూర్చున్నాడు.

"పడవకి బరువు కడుపులో ఉంటది. దీనికి తల్లో ఉన్నట్టుంది అల్లుడూ. కిందికి దించటానికి కుదురుద్దా?" అని అడిగాడు.

కుదురుతుంది. టేబుల్‌ను అడుగంటా కిందికి దించి, మధ్యకు జరిపి, కదలకుండా బిగించాం. మోటారు, వైసు, పైన తీయడానికి వీలైనవన్నీ ఊడదీసి విడిగా కట్టాం. అప్పుడు చూస్తే మిషను పొట్టిగా, కూర్చున్న ఎద్దులా కనిపించింది. నాలుగో బోల్టు కోసి తీశాం. తాడు మెడకు కాకుండా అడుగున దిమ్మకు చుట్టాం. లారీ వెనక చక్రాలు దిగేలా నేల తవ్వి, ఉప్పునేల మెత్తన కాబట్టి చక్రాల కింద బల్లలు పరిచి, లారీ అడుగు షెడ్డు అరుగుతో సమానంగా వచ్చేలా చేశాడు మావయ్య. నేను చదువుకున్నవాణ్ణి, నాకు ఆ ఉపాయం తట్టలేదు. ఒక్కొక్కటి జరుగుతుంటే నాలో నిన్నటి వణుకుతో పాటు మళ్ళీ ఉత్సాహం ఎక్కుతోంది.

పని మొదలుపెట్టబోయేముందు అత్తయ్యగారు అందరినీ పిలిచి నిలబెట్టారు. పడవ లాగేటప్పుడు అందరూ కలిసి కేక వేస్తారు, ఇక్కడ అలా వద్దన్నారు.

"మాట ఒకళ్ళదే ఉండాలి. లాగమన్నా వదలమన్నా కోటేశ్వర్రావే చెప్తాడు. ఆపమని మాత్రం ఎవరైనా అనొచ్చు. ఎవరన్నా సరే, ఆగాల్సిందే. ఎందుకని తర్వాత అడుగుదురుగాని."

కోటేశ్వర్రావంటే నేనే. బిత్తరపోయాను. నిన్న జరిగింది చూశారు కదండీ, మావయ్య ఉండగా నేనెందుకు అని మెల్లగా అడిగాను. నిన్నటి భయం నాకింకా ఉందనీ, చెప్పేవాడికి అది ఉండాలనీ అన్నారు ఆవిడ. తర్వాత ఒక్కొక్కరినీ పేరుపేరునా, జరగరానిది జరిగితే ఎటు తప్పుకుంటావో చూపించమన్నారు. ఒక్కొక్కరూ చేత్తో చూపించారు. తుక్కు అడ్డంగా ఉన్నచోట తీయించారు. ఆఖరున నన్ను కూడా అడిగారు. నేనూ చూపించాను.

గునపాలతో ఒక్కో మూలా రెండు వేళ్ళెత్తు లేపి, లేపినంత మేరా కింద చెక్కలు పెట్టి, ఆ పైన ఇనుప పైపులు దూర్చాం. వెనక నుంచి ఒక తాడు, జారితే పట్టుకోవడానికి. నేను "కొంచెం" అంటే కొంచెం కదిలింది. "ఆగండి" అంటే ఆగింది. రెండు టన్నుల ఇనుము నా మాట వింటోంది. వెనక నుంచి బయటపడ్డ పైపును తెచ్చి ముందు పెట్టడం, మళ్ళీ "కొంచెం" అనడం. జానెడు జానెడుగా గడప దాటి, అరుగు దాటి, లారీ మీదికి ఎక్కింది. పైపులు తీసేసి, దిమ్మను బల్లల మీద నిక్కచ్చిగా కూర్చోబెట్టి, చుట్టూ చెక్కలు మేకులతో కొట్టి, నాలుగు వైపులా తాళ్ళు బిగించేసరికి మధ్యాహ్నం దాటింది. నా గొంతు పోయింది. ఆనందంతో ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

లారీ డ్రైవరు పెడన మీదుగా వెళ్దామన్నాడు, అదే దగ్గర దారి. అత్తయ్యగారు పామర్రు మీదుగా వెళ్ళాలన్నారు. అటు చుట్టు కదండీ అన్నాడతను. చుట్టేననీ, కానీ బరువు లారీలు రోజూ తిరిగే రోడ్డు అదేననీ, కాలవ వంతెనలు ఎలా ఉంటాయోనని దారంతా బితుకుబితుకుమనే కంటే అదే నయమనీ అన్నారు. లారీ వెనక మిషను పక్కన ఎవరినీ కూర్చోనివ్వలేదు. ఆవిడ డ్రైవరు పక్కన, నేనూ మావయ్యా అరువు తెచ్చిన స్కూటరు మీద వెనక, అతని మనుషులు బస్సులో. తాళ్ళ మీద చూపు తీయకుండా, ఎడ్లబండి వేగంతో వెళ్ళాం. టార్పాలిన్ కప్పిన ఆ ఆకారాన్ని చూసి ఊరూరా మనుషులు ఆగి అడిగారు. పామర్రు సెంటర్లో టీ తాగడానికి ఆగినప్పుడు ఒక పెద్దాయన అది బోరు వేసే మిషనేనని పట్టుబట్టి, తన పొలానికి ఎప్పుడొస్తారని అడిగాడు. మావయ్య ఏమాత్రం నవ్వకుండా, నీళ్ళెంత లోతులో పడతాయో విచారించడం మొదలుపెట్టాడు. వాళ్ళిద్దరినీ విడదీసి, తాళ్ళు మళ్ళీ ఒకసారి బిగించి బయల్దేరాం.

దించడం మర్నాడు పెట్టుకున్నాం. మా షెడ్డుకు అరుగు లేదు. లారీ మీది నుంచి నేలకు తాటి దూలాలు ఏటవాలుగా వేసి, వాటి మీద బల్లలు కొట్టి, మిషనును మెల్లగా కిందికి జార్చాలి. లారీ ముందుభాగానికి చైన్ పుల్లీ కట్టి, దాని గొలుసు మిషను దిమ్మకు తగిలించాం. గొలుసు వదిలినంతే మిషను దిగుతుంది. అదిగాక మావయ్య రెండో తాడు కూడా కట్టించాడు. వీధిలో జనం పోగయ్యారు. మిల్లుల వాళ్ళు కొందరు పని మానుకుని వచ్చారు. మా షెడ్డు ఊడ్చి, రజను ఎత్తి, టీలు తెచ్చే మరియమ్మ ఒక వారగా నిలబడింది. బందరులో చెప్పిన మాటే అత్తయ్యగారు ఇక్కడా చెప్పారు. చెబుతూ మరియమ్మ వైపు కూడా చూశారు.

మిషను లారీ అంచు దాకా వచ్చింది. నేను "కొంచెం" అన్నాను.

"ఆపండి" అంది మరియమ్మ.

ఆగాం. లారీ చక్రం కదిలిందని ఆమె అంది. వెళ్ళి చూస్తే చక్రాల వెనక దిమ్మలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. బరువు అంచుకు రావడంతో చక్రాల పైనుండే కమాను పట్టీలు సర్దుకున్నాయి, అంతే. జనంలో నవ్వులు. డ్రైవరు ఏదో వెటకారం కూడా చేశాడు. ఎండ నడినెత్తి మీద ఉంది, నాకూ విసుగొచ్చింది, ఏదో అనబోయాను. అంతలో అత్తయ్యగారు మరియమ్మ దగ్గరకు వెళ్ళారు.

"మంచి పని చేశావు మరియమ్మా. చూసింది చెప్పావు. మళ్ళీ ఏదన్నా కనిపిస్తే మళ్ళీ చెప్పు."

అది నవ్విన వాళ్ళందరికీ వినపడేలానే అన్నారు. మళ్ళీ మొదలుపెట్టాం. మిషను దూలాల మీదికి దిగడం మొదలైంది. సగం బరువు లారీ మీద, సగం దూలాల మీద ఉండగా మరియమ్మ మళ్ళీ "ఆపండి" అంది. ఈసారి గొంతు చిన్నగా ఉంది. నేను చెయ్యెత్తాను. గొలుసు ఆగింది. తనవైపు దూలంలో ఏదో చిట్లిన చప్పుడు వినిపించిందని ఆమె చెప్పింది. గొలుసు మోతలో మాకెవ్వరికీ వినపడలేదు. ఈసారి ఎవరో నవ్వబోయి ఆగారు. మావయ్య పక్కగా వెళ్ళి, నేలకు చెంప ఆనించి దూలం అడుగు వైపు చూశాడు. లేచి వచ్చి నా చెవిలో, "వెనక్కి లాగెయ్యి అల్లుడూ. మూరెడు పగిలింది" అన్నాడు.

గొలుసు తిరగేసి, మిషనును మళ్ళీ లారీ మీదికి లాక్కున్నాం. దూలం తీసి తిరగేసి చూస్తే పగులు సగం మందం దాకా వెళ్ళింది. ఇంకో జానెడు దిగి ఉంటే మిషను ఆ పక్కకే ఒరిగేది. ఆ పక్కన తాడు పట్టుకుని నలుగురున్నారు. మరియమ్మ అక్కడే నిలబడి చెంగుతో ముఖం తుడుచుకుంటోంది. ఆమె దగ్గరకు వెళ్ళి దణ్ణం పెట్టాలనిపించింది, పెట్టాను. మొదటిసారి నేను అనబోయిన మాట అని ఉంటే, రెండోసారి ఆమె నోరు విప్పేది కాదు. ఆ ఎండలో నిలబడి నాకు అది అర్థమైంది.

ఒక మిల్లు ఆయన తన లారీల్లోకి సరుకు ఎక్కించే ఇనుప దూలాలు తెప్పించాడు. సాయంత్రం నాలుగింటికి మిల్లింగ్ మిషను మా షెడ్డు నేల మీద దిగింది. జనం చప్పట్లు కొట్టారు. మావయ్య అప్పటిదాకా ఆపుకున్న వాళ్ళ పడవల కేక ఒకటి గొంతెత్తి వేశాడు. అతని మనుషులు అందుకున్నారు. రేకుల షెడ్డు దద్దరిల్లింది. అత్తయ్యగారు స్టూలు మీద కూర్చుని, కాళ్ళు చాపుకుని, మొదటిసారి మా ముందు పెద్దగా నవ్వారు.

ఇత్తడి నట్టు చేసుకుని, మిషను మట్టం సరిచూసి బిగించుకోవడానికి పన్నెండు రోజులు పట్టింది. మొదటి పని దూలాలిచ్చిన మిల్లు ఆయనదే. నలభై పళ్ళ చక్రం. ఇండెక్స్ హెడ్డు తిప్పుతూ ఒక్కొక్క పన్నూ కోస్తుంటే నా వెనక షెడ్డులో పనులన్నీ ఆగిపోయాయి. ముప్ఫై ఎనిమిది, ముప్ఫై తొమ్మిది. ఆఖరి పన్నుకు స్థలం సరిపోతుందా, సన్నగా మిగులుతుందా అని చూస్తూ హ్యాండిలు తిప్పాను. సరిగ్గా సరిపోయింది. చక్రాన్ని చేతుల్లోకి తీసుకుంటే ఇంకా వెచ్చగా ఉంది. అత్తయ్యగారు దాన్ని చూడలేదు. నేరుగా మిల్లుకు వచ్చి, మేం చక్రం బిగించి మిల్లు తిప్పాక, కళ్ళు మూసుకుని విన్నారు. తర్వాత నా భుజం మీద తట్టి, ఇంటికెళ్ళి పడుకోమన్నారు.

ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. ఆ షెడ్డు తర్వాత నేను సొంతంగా ఒకటి పెట్టుకున్నాను. మావయ్యను పిలిచీ, పిలవకుండానూ ఎన్ని మిషన్లు తరలించానో లెక్క లేదు. ఆవిడ చెవులు నాకు రాలేదు. స్క్రూడ్రైవరు పెట్టుకుని ఎంత విన్నా నాకు మోతే వినిపిస్తుంది. ఆవిడ ఓపిక కూడా పూర్తిగా రాలేదు. ఇప్పటికీ నాకు తొందరే, కొత్త మిషను చూస్తే ఇప్పటికీ కాళ్ళు నిలవవు. కానీ బరువు ఎత్తే ప్రతిసారీ మొదట అందరినీ నిలబెట్టి, ఎవరు ఎటు తప్పుకుంటారో చేత్తో చూపించమంటాను. కుర్రాళ్ళు నాది చాదస్తమనుకుంటారని తెలుసు. ఇన్నేళ్ళలో చాలామంది నా పనులు ఆపించారు. నీడను చూసి ఆపినవాళ్ళున్నారు, పిల్లి అడ్డొస్తే ఆపినవాడున్నాడు, ఎందుకు ఆపాడో తనకే తెలియనివాడు కూడా ఒకడున్నాడు. అలా ఊరికే ఆపినవాళ్ళలో ఒక్కరినీ నేను ఇంతవరకు పల్లెత్తు మాట అనలేదు.